మీటకూ అక్షరానికీ నడుమ ఒక పట్టిక

టైపురైటరు మీద ఒక మీటను నొక్కితే, దానికి అనుసంధించిన లోహపు కడ్డీ లేచి, సిరా రిబ్బను మీద కొట్టి, తన తలమీద ఉన్న అక్షరాన్ని కాగితంపై అచ్చు వేస్తుంది. అక్కడ మీటకూ అక్షరానికీ ఉన్న సంబంధం ఉక్కుతో చేసినది. ఇంగ్లీషు టైపురైటరులో కే అనే మీట కే అక్షరాన్నే వేయగలదు. దానిచేత ‘క’ వేయించదలిస్తే కడ్డీ తలమీది అచ్చును ఊడదీసి మరొక అచ్చును అతకవలసిందే. షోల్స్ అనే అమెరికా దేశస్థుడు రూపొందించిన టైపురైటరును రెమింగ్టన్ కంపెనీ 1874లో బజారులోకి తెచ్చిన నాటినుండి ఒక శతాబ్దం పాటు ఈ ఉక్కు బంధమే చెల్లుబాటయింది.

కంప్యూటరు కీబోర్డు పైకి చూడటానికి ఆ యంత్రానికి వారసురాలిగానే కనబడుతుంది. మీటల వరుసలు అవే. అక్షరాల క్రమం దాదాపు అదే. లోపల మాత్రం ఆ బంధం తెగిపోయింది. ఈ కీబోర్డుకు అక్షరజ్ఞానం లేదని చెప్పినా తప్పులేదు. నమ్మనివారు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. బల్లమీది కంప్యూటర్లకు తగిలించే కీబోర్డులలో చాలావాటికి మీటల టోపీలు పైకి లాగితే ఊడివస్తాయి. కే, ఎల్ అనే రెండు టోపీలను ఊడదీసి ఒకదాని స్థానంలో ఒకటి పెట్టి నొక్కితే, ఎల్ అని రాసి ఉన్న మీట తెరమీద కే అక్షరాన్ని చూపిస్తుంది. టోపీమీద ఏమి రాసి ఉన్నదో యంత్రానికి తెలియదు, తెలుసుకొనే మార్గమూ లేదు. ఆ రాత మనిషి కంటి కోసం మాత్రమే.

మరి కీబోర్డు కంప్యూటరుకు పంపేది ఏమిటి? మీటల అడుగున విద్యుత్తు తీగలు అడ్డంగానూ నిలువుగానూ జల్లెడవలె అల్లి ఉంటాయి. ఒక అడ్డుతీగ, ఒక నిలువుతీగ కలిసే చోట ఒక మీట. నూరు మీటలకు నూరు తీగలు లాగనక్కరలేదు. 8 అడ్డుతీగలు, 16 నిలువుతీగలు, మొత్తం 24 తీగలతో 128 మీటలను వేరువేరుగా గుర్తించవచ్చు. కీబోర్డులోని చిన్న చిప్పు ఒక్కొక్క అడ్డుతీగకు వరుసగా విద్యుత్తునిస్తూ, అది ఏ నిలువుతీగలో కనబడుతున్నదో ఎడతెగకుండా కనిపెడుతూ ఉంటుంది. నొక్కిన క్షణంలో మీట అడుగున తాకే లోహపు భాగాలు కొన్ని మిల్లీసెకండ్లపాటు అదురుతాయి. ఆ అదురును పది నొక్కులుగా పొరబడకుండా చిప్పు కాస్త ఆగి చూస్తుంది. పిమ్మట ‘ఫలానా సంఖ్య గల మీట దిగింది’ అని ఒక వార్త, వేలు తీసినపుడు ‘అదే మీట లేచింది’ అని మరొక వార్త పంపుతుంది. అంతటితో కీబోర్డు పని ముగిసింది. షిఫ్టు మీట సైతం దానికి మరొక సంఖ్యే. షిఫ్టుకూ కే మీటకూ ఏదో పొత్తు ఉన్నదన్న సంగతి కీబోర్డు ఎరుగదు.

ఈ సంఖ్యలకు అర్థం చెప్పేది కంప్యూటరు జ్ఞాపకంలో ఉండే ఒక పట్టిక. పట్టిక అన్న తరువాత దానిని తిరగరాయవచ్చు. అట్లా తిరగరాసే సాధనాలలో చాలాకాలంగా వాడుకలో ఉన్నది ‘ఎక్స్ ఛేంజ్ కీబోర్డ్ మ్యాపింగ్’ అనే ఫంక్షను. గణితంలోని ప్రమేయం వలెనే కంప్యూటరు ఫంక్షనుకూ కొన్ని విలువలను అందించాలి. అది వాటిని తీసుకొని నిర్ణీతమైన పని చేస్తుంది. పలువురు ప్రోగ్రాములు రాసేవారికి అక్కరకు వచ్చే ఫంక్షన్లను ఒకచోట కూర్చిన సంపుటిని లైబ్రరీ అంటారు. పైన చెప్పిన ఫంక్షను ‘ఎక్స్‌లిబ్’ అనే లైబ్రరీలోనిది. సీ భాషలో రాసే ప్రోగ్రాములు దీనిని పిలుస్తాయి.

పేరులోని ‘ఎక్స్’ అన్నది ఎక్స్ విండో వ్యవస్థను సూచిస్తుంది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో 1984లో ఇది పుట్టింది. బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ దీని నిర్మాతలలో ముఖ్యులు. 1987లో వెలువడిన పదకొండవ రూపమే తరువాతి దశాబ్దాలలో యూనిక్స్, లినక్స్ కంప్యూటర్ల తెరలమీద కిటికీలను నడిపింది. దీనిలో రెండు పక్షాలున్నాయి. తెర, కీబోర్డు, మౌసు అధీనంలో ఉంచుకొనే ప్రోగ్రాము సర్వరు. అక్షరాలు రాయడానికి, బొమ్మలు గీయడానికి, లెక్కలు చూడటానికి వాడే ప్రోగ్రాములు క్లయింట్లు. సర్వరు అనగానే ఎక్కడో దూరాన ఉన్న పెద్ద యంత్రం స్ఫురించడం మామూలే కాని, ఇక్కడ వ్యవహారం తిరగబడి ఉన్నది: సర్వరు మన బల్లమీదనే ఉంటుంది, క్లయింటే దూరపు యంత్రంలో ఉండవచ్చు.

ఆ విద్యాసంస్థలో ఒకే కంపెనీ యంత్రాలు లేవు. ఒక్కొక్క కంపెనీ కీబోర్డు తన మీటలకు ఇష్టమైన రీతిలో సంఖ్యలు వేసుకొనేది. దేశాల తేడాలు సరేసరి. ఇంగ్లీషు కీబోర్డులో క్యూ ఉండే చోట ఫ్రాన్సు దేశపు కీబోర్డులో ఏ ఉంటుంది. జర్మనీలో వై, జెడ్ అక్షరాలు చోట్లు మార్చుకున్నాయి. ప్రతి ప్రోగ్రాములోనూ ప్రతి కీబోర్డు లెక్కా రాసి పెట్టడం అసాధ్యం. కావున నిర్మాతలు మీట పనిని రెండు సంఖ్యలుగా విడదీశారు. మీట ఉన్న చోటును తెలిపేది ‘కీకోడ్’. దీనిని మీట సంఖ్య అనవచ్చు. మీటకు ఉన్న అర్థాన్ని తెలిపేది ‘కీసిమ్’, అనగా గుర్తు సంఖ్య. మీట సంఖ్య 8కి తగ్గకుండా, 255కు మించకుండా ఉండాలని నియమం. అది యంత్రానికి సంబంధించినది కాబట్టి ఏ ప్రోగ్రామూ దానిని మార్చలేదు. గుర్తు సంఖ్యలు మాత్రం లోకానికంతా ఒకటే.

లినక్స్ యంత్రాలను ఉదాహరణగా తీసుకోండి. కే మీటకు లినక్స్ ఇచ్చే సంఖ్య 37. ఎక్స్ వ్యవస్థ దానికి 8 కలిపి 45 అంటుంది. మొదటి 8 సంఖ్యలను (సున్న నుండి 7 వరకు) వాడరాదు గనుక ఈ కలపడం. పక్కనున్న ఎల్ మీట సంఖ్య 46. ఇక గుర్తులు చూస్తే, చిన్న కే అక్షరానికి 107, పెద్ద కే అక్షరానికి 75. ఇవి కంప్యూటర్లలో చిరకాలంగా వాడుతున్న ఆస్కీ సంఖ్యలే. అక్షరాలు కాని మీటలకు కూడా గుర్తు సంఖ్యలున్నాయి: ఎంటర్ మీటకు 65293, ఎడమ కంట్రోలు మీటకు 65507.

తెలుగు అక్షరాల మాట ఏమిటి? ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలిచ్చిన యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. అందులో ‘క’ సంఖ్య 3093, ‘ఖ’ సంఖ్య 3094. ఎక్స్ వ్యవస్థలో ఏ యూనికోడ్ అక్షరానికైనా గుర్తు సంఖ్య కట్టే సూత్రం ఒకటున్నది: యూనికోడ్ సంఖ్యకు 1,67,77,216 కలపాలి. ఇది 2ను 24 మార్లు గుణించగా వచ్చే సంఖ్య. యూనికోడ్‌లోని అతిపెద్ద సంఖ్య 11,14,111 మాత్రమే గనుక, కూడిన తరువాత వచ్చే సంఖ్యలు పాత గుర్తు సంఖ్యలతో ఎన్నడూ ఢీకొనవు. ఆ లెక్కన ‘క’ గుర్తు సంఖ్య 1,67,80,309. ‘ఖ’ గుర్తు సంఖ్య 1,67,80,310. విద్యార్థులు ‘త’ గుర్తు సంఖ్యను తామే కట్టి చూసుకోవచ్చు. దాని యూనికోడ్ సంఖ్య 3108.

ఇప్పుడు పట్టిక రూపం బోధపడుతుంది. ప్రతి మీటకూ ఒక అడ్డువరుస. ఆ వరుసలో మొదటి గడి ఏమీ తోడులేకుండా నొక్కినపుడు రావలసిన గుర్తు. రెండవది షిఫ్టుతో నొక్కినపుడు రావలసినది. మూడు, నాలుగు గడులు రెండవ జట్టుకు చెందినవి. ఈ రెండవ జట్టులోకి పోవడానికి ‘మోడ్ స్విచ్’ అనే గుర్తు గల మీటను పట్టి ఉంచాలి. 45వ మీట వరుసలో 107, 75, 1,67,80,309, 1,67,80,310 అని నాలుగు సంఖ్యలు రాస్తే, ఆ ఒక్క మీటలోనే ఇంగ్లీషు చిన్న కే, పెద్ద కే, తెలుగు క, ఖ నాలుగూ ఇమిడిపోతాయి. గడిలో ఏమీ లేదని తెలపడానికి సున్న వేస్తారు. రెండవ గడి సున్న అయి మొదటి గడిలో చిన్న, పెద్ద రూపాలున్న అక్షరం ఉంటే, ఆ రెండు రూపాలనూ లైబ్రరీ తానే ఊహించుకుంటుంది. తెలుగు లిపికి చిన్న, పెద్ద భేదం లేదు గనుక ఆ సౌకర్యం మనకు పనికిరాదు.

ఫంక్షనుకు అందించవలసినవి అయిదు: ఏ సర్వరుతో మాట్లాడుతున్నామో ఆ సంబంధం, మార్చదలచిన మొదటి మీట సంఖ్య, ఒక్కొక్క మీటకు ఎన్ని గడులు, గుర్తు సంఖ్యల జాబితా, మొత్తం ఎన్ని మీటలు. 45, 46 మీటలను నాలుగేసి గడులతో మార్చాలంటే జాబితాలో ఎనిమిది సంఖ్యలుండాలి. గడులను సున్న నుండి లెక్కిస్తారు. ఎల్ మీట మూడవ గడిలోని ‘త’ జాబితాలో ఎక్కడ పడుతుంది? 46లోనుండి 45 తీసివేయగా వచ్చిన 1ని 4తో గుణించి, మూడవ గడికి 2 కలిపితే 6. సున్నతో మొదలుపెట్టినందువల్ల ఆరవ స్థానమంటే వాడుకలో ఏడవ సంఖ్య. ఈ లెక్కలో ఒక్కటి తప్పినా ఒక మీట అక్షరం పక్క మీటకు జరిగిపోతుంది. అడ్డువరుసలుగా ఉన్న పట్టికను ఒకే బారుగా పరచి రాయడం కంప్యూటరు శాస్త్రంలో అడుగడుగునా ఎదురయ్యే పని. దానిని నేర్పడానికి ఇంతకంటె సులభమైన ఉదాహరణ దొరకడం కష్టం.

ఒక్కసారిగా కొత్త పట్టిక రాయకుండా, ముందు ‘ఎక్స్ గెట్ కీబోర్డ్ మ్యాపింగ్’ అనే జంట ఫంక్షనుతో ఉన్న పట్టిక నకలు తెచ్చుకొని, అందులో కావలసిన గడులనే దిద్ది, తిరిగి అందించడం వివేకం. ఎంటర్ మీట వరుసను పొరపాటున సున్నలతో నింపినవారికి, దిద్దుబాటు ఆదేశం రాసిన తరువాత దానిని నొక్కి పంపడానికి మీట ఉండదు!

ఈ పట్టిక ఎవరి సొత్తు అన్న ప్రశ్న చాలా ముఖ్యమైనది. పట్టిక ఉండేది సర్వరు వద్ద. అయినా 1987 నాటి ఒడంబడిక ప్రకారం సర్వరు దాని అర్థం గ్రహించనక్కరలేదు. భద్రపరచి, అడిగినవారికి చూపి, మార్చమన్నపుడు మార్చితే చాలు. మీట దిగినపుడు సర్వరు క్లయింటుకు తెలిపేది మీట సంఖ్యను, షిఫ్టు వంటి తోడు మీటల స్థితిని మాత్రమే. వాటిని పట్టికలో చూసి అక్షరంగా మార్చుకొనే బాధ్యత క్లయింటుదే. ప్రతి నొక్కుకూ సర్వరును అడగడం జాగు కాబట్టి, క్లయింటులోని లైబ్రరీ పట్టిక నకలును తన దగ్గర ఉంచుకుంటుంది.

చిక్కు ఇక్కడ వస్తుంది. ఒక క్లయింటు పట్టికను మార్చితే, మిగిలిన క్లయింట్ల దగ్గరున్న నకళ్లు పాతబడిపోతాయి. అప్పుడు ఒక కిటికీలో ‘క’ రాస్తున్న మీట మరొక కిటికీలో వేరే అక్షరం రాస్తుంది. ఈ అయోమయాన్ని తప్పించడానికి, పట్టిక మారిన వెంటనే సర్వరు ‘మ్యాపింగ్ నోటిఫై’ అనే ప్రకటనను క్లయింట్లందరికీ పంపుతుంది. ఎక్స్ వ్యవస్థలో తక్కిన వార్తలలో చాలావాటిని ‘మాకు అక్కరలేదు’ అని క్లయింటు మానుకోవచ్చు. దీనిని మాత్రం వద్దనడానికి వీలులేదు. అది అందగానే ‘ఎక్స్ రిఫ్రెష్ కీబోర్డ్ మ్యాపింగ్’ అనే ఫంక్షనును పిలిచి పాత నకలును పారవేయడం ప్రోగ్రాము రాసినవారి విధి.

పట్టిక మార్చినా అనుకున్నది జరగని సందర్భం ఒకటున్నది. క్యాప్స్ లాక్ మీట అనవసరంగా తగిలి అక్షరాలన్నీ పెద్దవిగా పడటం అనేకులకు అనుభవమే. దానిని కంట్రోలు మీటగా మార్చుకోవాలని కొందరు దాని వరుసలో 65507 రాస్తారు. రాసినా, నొక్కితే అక్షరాలు యథాప్రకారం పెద్దవవుతూనే ఉంటాయి. కారణమేమంటే, తోడు మీటల జాబితా వేరుగా ఉన్నది. షిఫ్టు, లాక్, కంట్రోలు, మరి అయిదు, మొత్తం ఎనిమిది తోడు స్థానాలలో ఏ మీట దేనికి చెందుతుందో అందులో రాసి ఉంటుంది. మీట పేరు మారినా దాని ఉద్యోగం మారలేదన్నమాట. ఆ జాబితాలో లాక్ కిందనుండి ఆ మీటను తొలగించి, కంట్రోలు కింద చేర్చాలి. అందుకు ‘ఎక్స్ సెట్ మాడిఫయర్ మ్యాపింగ్’ అనే వేరే ఫంక్షను ఉన్నది. మోడ్ స్విచ్ మీటను కూడా ఇట్లాగే ఒక తోడు స్థానంలో చేర్చనిదే రెండవ జట్టు తెరుచుకోదు.

తెలుగు రాయడానికి ఈ పట్టిక ఎంతవరకు చాలుతుంది? భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో రూపొందించగా 1991లో భారత ప్రమాణాల సంస్థ ప్రమాణంగా ప్రకటించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఆ అమరికలో ఎడమచేతి వైపు స్వరాలు, గుణింతపు గుర్తులు; కుడిచేతి వైపు ఎక్కువగా హల్లులు. కే మీటమీద క, షిఫ్టుతో ఖ. ఎల్ మీటమీద త, షిఫ్టుతో థ. ఎఫ్ మీటమీద గుడి, షిఫ్టుతో ఇ. డి మీటమీద పొల్లు. ‘కి’ రాయాలంటే కే, ఎఫ్ మీటలను వరుసగా నొక్కాలి. ‘క్ష’ రాయాలంటే క, పొల్లు, ష మూడూ నొక్కాలి. ప్రతి నొక్కుకూ ఒకే సంఖ్య వెలువడుతుంది. మూడు సంఖ్యలను కలిపి ఒకే రూపంగా గీయడం తెరమీద అక్షరాలను కూర్చే ఫాంటు, దాని అనుబంధ ప్రోగ్రాముల పని. ఒక నొక్కుకు ఒక సంఖ్య అన్న నియమం పాటించినందువల్లనే ఇన్‌స్క్రిప్ట్ పట్టికలో ఇమిడింది.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు ధ్వనిని రాసే పద్ధతి అట్లా ఇమడదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో తెలుగువారిలో వ్యాపించిన లిప్యంతరీకరణ పద్ధతిలో, కే ఒక్కటే నొక్కితే ‘క్’ రావాలి. వెంటనే ఏ నొక్కితే పొల్లు పోయి ‘క’ కావాలి. ఆ ఏ అక్షరమే మాట మొదట్లో వస్తే ‘అ’ కావాలి. అంటే ఇప్పటి నొక్కు అర్థం అంతకు ముందరి నొక్కుమీద ఆధారపడుతున్నది. పట్టికకు జ్ఞాపకం లేదు. ఇటువంటి పనికి, ముందరి నొక్కులను గుర్తుంచుకొని నిర్ణయించే ప్రోగ్రాము ఒకటి మీటకూ అక్షరానికీ నడుమ కూర్చోవాలి. దానిని ఇన్‌పుట్ మెథడ్ అంటారు.

ఒకే నొక్కుతో ‘క్ష’ మొత్తం రావాలని కోరేవారికి ఎక్స్‌లిబ్‌లో మరొక చిన్న ఉపాయమున్నది. ‘ఎక్స్ రీబైండ్ కీసిమ్’ అనే ఫంక్షను ఒక గుర్తు సంఖ్యకు ఒక అక్షరం కాక ఒక అక్షరమాలికనే కట్టిపెడుతుంది. అయితే ఇది సర్వరు పట్టికను తాకదు. పిలిచిన ప్రోగ్రాములో మాత్రమే చెల్లుతుంది, అందులోనూ ‘ఎక్స్ లుక్అప్ స్ట్రింగ్’ అనే పాత ఫంక్షను ద్వారా మీటలను చదివితేనే. పక్క కిటికీకి దీని సంగతే తెలియదు. ఊరందరి పంచాంగాన్ని దిద్దడానికీ, తన పుస్తకంలో గుర్తు రాసుకోవడానికీ ఉన్నంత తేడా ఈ రెండు ఫంక్షన్లకూ ఉన్నది.

పాఠశాలలో లినక్స్ యంత్రం ఉంటే వీటిని ప్రోగ్రాము రాయకుండానే పరీక్షించవచ్చు. ‘ఎక్స్ఈవీ’ అనే ప్రోగ్రాము ఒక ఖాళీ కిటికీ తెరచి, నొక్కిన ప్రతి మీటకు మీట సంఖ్యనూ గుర్తునూ వేరువేరుగా చూపిస్తుంది. ‘ఎక్స్‌మాడ్‌మ్యాప్’ అనే మరొక ప్రోగ్రాము, మీట సంఖ్యను, దానికి ఎదురుగా కావలసిన గుర్తులను ఒక పంక్తిగా రాసి ఇస్తే, ఇంతవరకు వర్ణించిన ఫంక్షనును తానే పిలుస్తుంది. మార్పుకు ముందు, తరువాత అదే మీటను నొక్కి చూస్తే మీట సంఖ్య కదలకుండా ఉండి, గుర్తు మాత్రమే మారడం కనబడుతుంది. కీబోర్డులో ఏదీ మారలేదు గనుక విద్యార్థులు భయపడనక్కరలేదు. ఎక్స్ సర్వరు ఆగి మరల మొదలైతే మార్పు పోయి పాత పట్టిక వస్తుంది.

1996 నుండి ఎక్స్ వ్యవస్థలో ప్రమాణంగా ఉన్న ‘ఎక్స్‌కేబీ’ అనే అనుబంధం ఈ పట్టికను మరింత విస్తరించింది. నాలుగు జట్ల వరకు అందులో పెట్టుకోవచ్చు. 2008లో మొదలైన వేలాండ్ అనే కొత్త వ్యవస్థ మరొక దారి పట్టింది. ఎక్స్ వ్యవస్థలో సర్వరుతో సంబంధం కలిగిన ఏ ప్రోగ్రామైనా అందరి పట్టికనూ మార్చగలిగేది. ఆలోచిస్తే అది అంత క్షేమం కాదు. వేలాండ్‌లో ఒక ప్రోగ్రాము మిగిలినవారి పట్టికను మార్చలేదు. తెరను నడిపే ప్రోగ్రామే పట్టికను నిర్ణయించి, దానిని పాఠరూపంలో ప్రతి క్లయింటుకూ అందజేస్తుంది. ‘లిబ్ఎక్స్‌కేబీకామన్’ అనే లైబ్రరీ సాధారణంగా దానిని చదివి పెడుతుంది. మీట దిగిందన్న వార్తలో ఇప్పుడు కే మీటకు లినక్స్ సంఖ్య 37 యథాతథంగా వస్తుంది. కాని వచ్చిన పట్టిక పాత లెక్కలోనే రాసి ఉంటుంది గనుక, పట్టికలో చూడబోయే ముందు క్లయింటు దానికి 8 కలుపుకొని, 45 చేసుకోవాలి.